అంగుళం వెలుగు

పదో తరగతి పిల్లలున్న ఇంట్లో మెగ్నీషియం రిబ్బను పేరు వినపడకుండా ఉండదు. గరుకు కాగితంతో రుద్ది, పట్టకారుతో పట్టుకుని వెలిగిస్తే కళ్లు చెదిరే తెల్లటి వెలుగు, ఆపైన చిటికెడు తెల్లబూడిద. సమీకరణం రాసేసి మార్కులు తెచ్చుకుంటే ఆ పాఠం అయిపోయినట్టే. కానీ ఒకప్పుడు ఇది ఫొటోల సరదా ఉన్నవాళ్లు ఇంట్లో దాచుకునే వస్తువు.

మొదట్లో ఫొటో అంటే పగటి వెలుతురే దిక్కు. మబ్బు పట్టినా, పొద్దు వాలినా పని ఆగిపోయేది. మెగ్నీషియం వెలుగు ఫొటోలకు పనికొస్తుందని 1859లో బున్సెన్, రాస్కో అనే శాస్త్రవేత్తలు చెప్పారు. తర్వాత కొన్నేళ్లకే ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఈ లోహాన్ని అమ్మకానికి తయారు చేయడం మొదలైంది. 1864లో ఆ ఊరి ఫొటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ బ్రదర్స్ దాని వెలుగులో ఫొటోలు తీశాడు.

మరుసటి ఏడాది స్కాట్లండ్ ఖగోళ శాస్త్రవేత్త పియాజీ స్మిత్ దీన్ని ఈజిప్టు పట్టుకెళ్లి, గ్రేట్ పిరమిడ్ లోపల వెలిగించి ఫొటోలు తీశాడు. గాలి ఆడని ఆ రాతి గదుల్లో తెల్లటి పొగే పెద్ద చిక్కు. ఆయన భార్య జెస్సీ కూడా వెంట వెళ్లి, ఎడారిలో నెలల తరబడి ఆ పనిలో పాలుపంచుకుంది. పిరమిడ్ కొలతల మీద ఆయన కట్టిన సిద్ధాంతాలు తర్వాత నిలవలేదు. ఆ ఫొటోలు మాత్రం నిలిచాయి.

నాకు వీటన్నిటికన్నా నచ్చింది ఇంట్లో సంగతి. 1890ల నుంచి 'గ్యాస్‌లైట్ పేపర్' అని ఒక రకం ఫొటో కాగితం వచ్చింది. దీనికి ఎండ అక్కర్లేదు, పూర్తి చీకటి గదీ అక్కర్లేదు. రాత్రి పనులన్నీ తెమిలాక, నెగటివ్ కింద కాగితం పెట్టి, కొంచెం దూరంలో అంగుళమో రెండంగుళాలో రిబ్బను కాల్చేవారు. అంతే పొడవు, అంతే దూరం అయితే అంతే వెలుగు. మనకు గిద్ద, సోల ఎలాగో వాళ్లకు ఆ అంగుళాలు అలాగ. పగలంతా తీరిక దొరకనివాళ్లకు రాత్రి ఒక గంట తమదంటూ మిగిలింది.

1887లో ఫ్లాష్ పొడి వచ్చింది. అది పేలి చేతులు కాల్చుకున్నవాళ్లూ, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 1930 ప్రాంతంలో ఫ్లాష్ బల్బులు రావడంతో ఆ భయం తగ్గింది, రిబ్బను సైన్సు గదికి చేరింది.

పిల్లలు ముచ్చటపడితే పెద్దవాళ్లు దగ్గరుండి, చిన్న ముక్కే కాల్చనివ్వండి. మంటను నేరుగా చూడనివ్వకండి. నీళ్లు పోస్తే అది ఆరదు సరికదా, ఇంకా మండుతుంది; పొడి ఇసుక దగ్గర పెట్టుకోండి. ఆ వెలుగు ఉన్న నాలుగు క్షణాల్లో ఒకప్పుడు ఎందరి ఇళ్లలోనో ఎన్నో ముఖాలు కాగితం మీదికి వచ్చాయని కూడా వాళ్లకు చెప్పండి. సమీకరణం దానంతటదే గుర్తుంటుంది.