రామములగ నుండి రోటి పచ్చడి దాకా

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం వారు కోరారు. రాజుల సంగతి, రాజ్యాల సంగతి పెద్దలు ఎటూ రాస్తారు కనుక నేను వంటింటి చరిత్ర ఎంచుకున్నాను. అందులోనూ పచ్చి టమాటా పచ్చడి.

మన చిన్నతనంలో చాలామంది పెద్దవాళ్ళు టమాటాను రామములగకాయ అనేవారు. సీమవంకాయ అన్న పేరూ ఉండేది. ‘సీమ’ అన్న మాటే అది పరాయి సరుకని చెబుతోంది. ఇప్పటికీ చాలా ఇళ్ళలో తద్దినం వంటలో దాన్ని వాడరు. పూరీ జగన్నాథుని మహాప్రసాదంలోనూ దానికి చోటు లేదు.

దాని పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికోలోని అజ్టెక్కుల భాషలో ‘తొమాత్ల్’ అంటే ఎర్రపండు కాదు, పొరలో ఉండే పుల్లని పచ్చకాయ. ఎర్రదానిని ‘షితొమాత్ల్’ అనేవారు. ఈ కాయలను మిరపకాయలతో కలిపి రాతి రోట్లో నూరుకోవడం వారి అలవాటు. 1521లో స్పెయిన్ వారు ఆ రాజ్యాన్ని జయించాక టమాటా ఐరోపా చేరింది. 1544లో ఇటలీ వైద్యుడు మత్తియోలి తన గ్రంథంలో దాన్ని పేర్కొన్నాడు. విషపు మొక్కల కుటుంబానిదని అక్కడివారు చాలాకాలం జంకారు.

మన దేశానికి పోర్చుగీసువారు తెచ్చారని భావిస్తారు. మిరపకాయ వచ్చినదీ ఆ దారినే. అయితే మిరపను మనం ఇట్టే కలుపుకున్నాం, టమాటాను చాలాకాలం గుమ్మం బయటే నిలబెట్టాం. 1889 నుండి 1893 వరకు వెలువడిన జార్జ్ వాట్ నిఘంటువు, టమాటాను ముఖ్యంగా దొరల కోసమే పండిస్తున్నారనీ, బెంగాలీలు, బర్మావారు పులుసుకూరల్లో వాడుతున్నారనీ రాసింది. చింతకాయ, గోంగూర, మామిడికాయ ఉండగా మనకు మరో పులుపు అవసరం లేకపోయింది.

అయినా పచ్చికాయకు దారి సులువుగానే దొరికిందని నా అభిప్రాయం. వంకాయను, దోసకాయను మగ్గబెట్టి మిరపకాయలతో నూరే పద్ధతి మనకు ముందే ఉంది. మామిడికాయ దొరకని చలికాలంలో టమాటా కాయ ఆ లోటు తీర్చింది. మెక్సికోలో కలిసి నలిగిన కాయ, మిరప, సముద్రాలు దాటి మన రోట్లో మళ్ళీ కలుసుకున్నాయి!

ఇంగ్లండులో మంచు పడేవేళకు పండని కాయలను పారేయలేక వినిగరు, పంచదార, ఉల్లిపాయలు వేసి ఉడికించి సీసాల్లో నిలవ చేస్తారు. దానిని వారు పిలిచే పేరు ‘చట్నీ’. ఆ మాట మాత్రం మన దేశంనుంచి వెళ్ళిందే.

ఇక చేసే విధానం. అర కిలో గట్టి కాయలు తీసుకోండి. మరీ లేతవి చేదు. కాయలో టమాటిన్ అనే పదార్థం ఉంటుంది, పండేకొద్దీ తగ్గుతుంది. పచ్చడి మోతాదుకు భయం లేదు, ఆకులు, కాడలు మాత్రం వద్దు. ముక్కలను పది పన్నెండు పచ్చిమిరపకాయలతో నూనెలో రంగు మారేదాకా మగ్గనివ్వాలి. చల్లారాక మిరపకాయలు, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు, వేయించిన రెండు చెంచాల నువ్వులు, కొద్దిపాటి చింతపండు ముందు నూరి, ముక్కలు చివర వేసి కచ్చాపచ్చాగా నూరాలి. మినపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు సగం చేసుకోండి, పులుపు ఆ లోటు కనబడనీయదు.

2023 జూలైలో టమాటా ధర కిలో 100 రూపాయలు దాటి మనబోటి పెన్షనర్లను కంటతడి పెట్టించింది. మరో ఏడాది గిట్టుబాటు కాక మదనపల్లె, పత్తికొండ ప్రాంతాల రైతులు పంటను రోడ్డుమీద పారబోస్తారు. పండితే నాలుగు రోజుల్లో మెత్తబడే సరుకు కావడమే ఇందుకు ఒక కారణం. కాయగా ఉండగానే వాడుకునే ఉపాయం మన వంటింట్లో ఉంది. కానీ అది మన ఆడవాళ్ళ చేతిలోనే ఉండిపోయింది, కాగితం ఎక్కలేదు.

కనుక నాదొక మనవి. ఈ ఆదివారం మనవలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ పచ్చడి చేయించండి. మీ ఇంటి కొలతలు ఒక నోటుబుక్కులో రాయించండి. శాసనాలు చెక్కించేది రాజులే కానక్కరలేదు.

సెలవు.