దత్తమండలాల నేలను ఎవరు చూశారు?

రాయలసీమ అనగానే మన కథా విమర్శలో ఒకే మాట వినిపిస్తుంది: కరువు. నేనూ చాలాకాలం అలాగే రాశాను, తరగతిలో పిల్లలకూ అలాగే చెప్పాను. నంద్యాల నుంచి అనంతపురం దాకా బస్సు కిటికీ పక్కన కూర్చున్నవాడికి ఆ ఒక్క మాట చాలదని తెలుస్తుంది. నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందేరు పారే లోయంతా నల్లరేగడి. వానకు ఉబ్బి కాలు దిగబడుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, పదును మాత్రం చాలాకాలం దాచుకుంటుంది. వానలు వెనకబట్టాక కూడా అక్కడ జొన్న, శనగ నిలబడతాయి. అనంతపురం ఎర్రచెక్కల్లో కొన్నాళ్లు బెట్ట వస్తే వేరుశనగ వాడిపోతుంది. కాగితం మీద రెండూ ఎకరాలే.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాలు అన్నది నేలను చూసి పెట్టిన పేరు కాదు, అది చేతులు మారిన తీరుకు పెట్టిన పేరు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అనేదాకా అదే చెల్లింది. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పొలం పొలం కొలిపించి, మెట్ట, మాగాణి, తోట అని విడదీసి శిస్తు కట్టాడు. ఆ శ్రద్ధను పొగిడేవారితో నాకు పేచీ లేదు. కాని అది శిస్తు చూపు. ఆ శిస్తు మోయలేనిదని ఆయనకే తెలుసు: 1807లో వెళ్లిపోతూ నూటికి 25 వంతులు, చెరువు, బావి కింది నేలలకు మరో 8 వంతులు తగ్గించమని సిఫారసు చేశాడు. కంపెనీ వినలేదు సరికదా, ఊళ్లకు ఊళ్లను గుత్తకిచ్చింది.

ఈ సీమలోనే అంతకు ముందు మరో చూపు ఉండేది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు పన్నెండు అంగాలనూ, ఆరు దోషాలనూ అది చెబుతుంది. చౌడునేల ఒక దోషం. నీరు తక్కువై నేల ఎక్కువ కావడం ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం ఇంకొకటి! ఈ మాట దగ్గర చాలాసేపు ఆగాను. రాజులు గీసే గీత కూడా నేల గుణాన్ని మారుస్తుందని అందులో తెలిసి రాశారు. (ఆ శాసనాన్నీ నెత్తిన పెట్టుకోనక్కరలేదు. వేయించినవాడు విజయనగర రాజకుమారుడు భాస్కరుడు. రోజుకు వెయ్యిమంది కూలీలు రెండేళ్లు పనిచేశారన్న లెక్క ఉంది. ఆ వెయ్యిమంది లెక్కగానే మిగిలారు.)

మొన్న తొమ్మిదో తరగతి పిల్లలను తమ చేను గురించి రాయమన్నాను. చాలామంది కరువు గురించి రాశారు, నేను నేర్పిందే కదా. ఒక పిల్ల మాత్రం ఒకే చేలో పైచెక్క గరుప, నడుమ రేగడి, కింద సవుడు అనీ, ఏ చెక్కలో ఏ విత్తనం ఎప్పుడు పడాలో వాళ్లమ్మ చెబుతుందనీ రాసింది.

ఆ కాగితానికి ఎన్ని మార్కులు వేయాలో తేలక ఇంకా నా దగ్గరే ఉంచుకున్నాను.