హలగె నుండి ట్యాబ్ దాకా: అనంతపురం సీమలో బాలల విద్యా కానుక - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

చదువు మొదలుపెట్టే పిల్లల చేతికి పెద్దలు ఏ పరికరాన్ని ఇవ్వాలన్న ప్రశ్న ట్యాబ్‌లతో పుట్టింది కాదు. 1823 నాటి బళ్లారి కలెక్టరు నివేదికలో కనిపించే హలగె, కడితాల నుండి 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంచిన ట్యాబ్‌ల దాకా, అనంతపురం ప్రాంతంలో ఈ ఎంపిక ఎవరి చేతిలో ఉండేది, కానుక ఎవరి నుండి ఎవరికి చేరేది అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అక్షరాభ్యాసం, పలక, కడితం, దత్తమండలాలు, కాంప్‌బెల్ నివేదిక, ట్యాబ్, విద్యా కానుక.

1. ప్రస్తావన

అనంతపురం పల్లెల్లో ‘ట్యాబ్లెట్’ అంటే జ్వరానికి వేసుకొనే మాత్ర. అందుకే కాబోలు, తెర మీద వేలితో తాకి నడిపే కంప్యూటరుకు ఇక్కడ ‘ట్యాబ్’ అన్న పొట్టి పేరే నిలిచింది. ఇంగ్లీషులో మాత్రం ఆ మాటకు రాతఫలకం అన్న అర్థం చాలా పాతది. తెలుగులో దానికి సరిపోయే మాట ‘పలక’ సిద్ధంగానే ఉన్నా, వాడుక దాన్ని ఈ యంత్రానికి తగిలించలేదు. పలక అంటే పిల్లలు రాసేది. ట్యాబ్ అంటే ఎక్కువగా చూసేది. ఈ తేడాను జనం పట్టుకున్నారనే అనుకోవాలి.

ఐదేళ్ల పిల్లకో పిల్లవాడికో పుట్టినరోజు కానుకగా ట్యాబ్ కొనాలా, కొంటే ఎలాంటిది కొనాలి అన్నది నేడు పట్టణాల్లోనే కాక కదిరి, కళ్యాణదుర్గం పరిసర గ్రామాల్లోనూ ఇంటింటి చర్చ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ పీఠభూమిలో వేరుసెనగ పంట మీద బతికే కుటుంబానికి ఆ ఖర్చు చిన్నది కాదు. ఈ ఎంపికకు ఇక్కడ రెండు వందల ఏళ్ల లిఖిత చరిత్ర ఉందన్న సంగతి మాత్రం చర్చలోకి రావడం లేదు.

2. కాంప్‌బెల్ చూసిన బడి

నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు తొలి ప్రధాన కలెక్టరుగా అనంతపురం కేంద్రంగా పనిచేసిన థామస్ మన్రో, మద్రాసు గవర్నరైన తరువాత 1822 జూన్ 25న జిల్లాల్లోని దేశీయ పాఠశాలల లెక్కలు పంపమని ఉత్తర్వు చేశాడు. నేటి అనంతపురం ప్రాంతంలో అధికభాగం అప్పట్లో బళ్లారి జిల్లాలోనే ఉండేది. ప్రత్యేక జిల్లా 1882లో గాని ఏర్పడలేదు. బళ్లారి కలెక్టరుగా 1823 ఆగస్టు 17న సమాధానం పంపినవాడు ఎ.డి. కాంప్‌బెల్. 1816లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం ప్రకటించిన వ్యక్తిగా తెలుగు పరిశోధకులకు ఇతడు పరిచితుడే. భాష తెలిసిన అధికారి కనుక బడిలో వాడే వస్తువుల పేర్లను దేశీయంగానే నమోదు చేశాడు.

ఆ నివేదిక ప్రకారం పిల్లవాడికి ఐదో ఏడు రాగానే చదువు మొదలవుతుంది. ఉపాధ్యాయుణ్ణీ బడిపిల్లలనూ ఇంటికి పిలిచి, వినాయకుని ప్రతిమ చుట్టూ కూర్చోబెట్టి, పిల్లవాడి వేలు పట్టి బియ్యంలో దేవుని పేరు రాయిస్తారు. ఆ తరువాత తల్లిదండ్రులు తమ శక్తికొద్దీ కానుక ఇస్తారు. ఆ కానుక అందుకొనేది పిల్లవాడు కాదు, అయ్యవారు. దసరాకు అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికీ తిరిగినప్పుడు కూడా సంభావన ఆయనకే దక్కేది, పిల్లలకు పప్పుబెల్లాలు దక్కేవి. విద్యారంభ వేళ సొమ్ము మనిషికి చేరేది, వస్తువుకు కాదు. ట్యాబ్ కానుకను ఈ నేపథ్యంలో చూసినప్పుడే మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది.

వస్తువు గురించి కాంప్‌బెల్ చెప్పిన వివరాలు ఇంకా విలువైనవి. పిల్లలు మొదట నేల మీద పరచిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. తరువాత కాగితం మీద గాని, తాటాకు మీద గంటంతో గాని రాసేవారు. అయితే ఈ ప్రాంతంలో ఎక్కువగా వాడుకలో ఉన్నవి హలగె, కడితం. హలగె అంటే సుమారు అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న చెక్క. దాన్ని నునుపుగా చిత్రిక పట్టి, అన్నమూ బొగ్గుపొడీ కలిపి పూస్తే రాయడానికి సిద్ధమవుతుంది. కడితం గుడ్డతో చేసింది. గంజి పెట్టి బిగువెక్కించి, పుస్తకంలా మడతలు పెట్టి, బొగ్గూ బంకలూ కలిపిన పూత పూస్తారు. రెండింటి మీదా బలపంతో రాస్తారు, తడిగుడ్డతో తుడుస్తారు.

కన్నడంలో హలగె, తెలుగులో పలక. రెండూ సంస్కృత ‘ఫలక’ శబ్దం నుండి వచ్చినవే. పాత పకారం కన్నడంలో హకారమైంది. ఆనాటి బళ్లారి జిల్లాలోని 533 పాఠశాలల్లో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. పరికరం పేరు కన్నడ రూపంలో నమోదు కావడంలో వింత లేదు. మడకశిర, రాయదుర్గం వైపు ఈ రెండు భాషల కలయిక నేటికీ సజీవం.

ఈ పరికరాలను పిల్లవాడి ఇంట్లో ఉన్న సామగ్రితోనే చేసుకోవచ్చు. పూత పోతే మళ్లీ పూయవచ్చు. అన్నం, బొగ్గు లేని ఊరు ఉండదు. పరికరాన్ని ఎంచినవాడూ, దాన్ని వాడే తీరు నేర్పినవాడూ ఒకే ఉపాధ్యాయుడు. చదువులో ముందున్న పిల్లలు వెనుకబడినవారికి నేర్పే ఈ పద్ధతినీ, ఇందులోని పొదుపునూ కాంప్‌బెల్ మెచ్చుకొన్నాడు. అంతకుముందే మద్రాసు ఎగ్మూరులోని అనాథాశ్రమ పాఠశాలలో ఇసుకరాతను ప్రవేశపెట్టిన ఆండ్రూ బెల్, 1797లో లండన్‌లో ఆ ప్రయోగాన్ని గ్రంథస్థం చేయడంతో అది ఇంగ్లండు బడులకు పాకింది. విద్యాసాంకేతికత ఎప్పుడూ పడమటి నుండే ఇటు వస్తుందన్న అభిప్రాయానికి ఇది మంచి సమాధానం.

అలాగని ఆ బడిని స్వర్ణయుగంగా చిత్రించడం సరికాదు. ధరంపాల్ 1983లో ప్రచురించిన సంకలనం తరువాత ఈ నివేదికను దేశీయ విద్యావైభవానికి సాక్ష్యంగా చూపడం పరిపాటి అయింది. కాని దాదాపు 9,28,000 జనాభాలో బడికి వెళ్లినవారు 6,641 మంది. వెయ్యికి సుమారు ఏడుగురే. వారిలో ఆడపిల్లలు 60 మంది. హలగె ఎంత చవకైనదైనా ఆడపిల్ల చేతికి అందలేదు. అంటే ధర ఒక్కటే అడ్డంకి కాదు. కాంప్‌బెల్ మరో మాట కూడా దాచలేదు. ఒకప్పుడు బడులున్న ఎన్నో ఊళ్లలో ఇప్పుడు లేవనీ, దేశం క్రమంగా పేదదైపోవడమే దానికి కారణమనీ, కాళ్లూచేతులూ ఆడే వయసు రాగానే పిల్లల కష్టం ఇంటికి అవసరమవుతోందనీ రాశాడు. కరవు సీమ విద్యాచరిత్రలో ఈ వాక్యాలకు ఉన్న బరువు అంకెలకు లేదు.

3. రాతిపలక

పందొమ్మిదో శతాబ్దంలో ప్రభుత్వ, మిషనరీ పాఠశాలలు పెరిగేకొద్దీ చెక్క స్థానంలోకి రాతిపలక వచ్చింది. తెలుగునాట దీనికి పెట్టింది పేరు మార్కాపురం. అక్కడి గనుల్లో పొరలుగా చీలే నల్లరాయిని కోసి, చెక్క చట్రం బిగించి ఊరూరికీ పంపేవారు. ఇక్కడే మొదటి మార్పు జరిగింది. పరికరం ఊళ్లో తయారు కావడం పోయి అంగట్లో కొనే వస్తువైంది. పగిలితే అతకదు, కొత్తది కొనాలి.

అయినా రాతిపలక ఒక సంప్రదాయాన్ని నిలిపింది. అక్షరాభ్యాసం నాడు ఇంటి బిడ్డకు పలక కొన్నవారు తోటి పిల్లలకూ పలకలు, బలపాలు పంచేవారు. నేటికీ పంచుతున్నారు. కానుక ఒక్కరిది కాకుండా ఈడుపిల్లలందరిదీ కావడం దీని ప్రత్యేకత. ట్యాబ్ విషయంలో ఏ గృహస్థుకూ ఇది సాధ్యం కాదు. ఆ పంపకం చేయగలిగింది ప్రభుత్వం ఒక్కటే.

4. పిల్లల కోసం ఊహించిన యంత్రం

ట్యాబ్ అన్న ఊహ తొలుత పెద్దల వ్యాపారం కోసం పుట్టలేదు. అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన అలన్ కే 1972లో ప్రకటించిన పత్రంలో ‘డైనాబుక్’ పేరుతో, పుస్తకమంత ఉండి చేత పట్టుకొనే కంప్యూటరును పిల్లల కోసమే వర్ణించాడు. అతని ఊహలో పిల్లలు తయారైన పాఠాన్ని చూసేవారు కారు, సొంతంగా ప్రోగ్రాములు రాసేవారు. ఆ దృష్టితో చూస్తే డైనాబుక్ హలగెకు దగ్గర. నేటి అంగడి ట్యాబ్ రెండింటికీ దూరం.

భారతదేశంలో 2011 అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం ‘ఆకాశ్’ను విడుదల చేసింది. దాని తొలి విడత యంత్రాల కూర్పు హైదరాబాదులో జరిగింది. తయారీదారు డేటావిండ్ బజారులో దానికి పెట్టిన పేరు ‘యూబీస్లేట్’. పలక మళ్లీ పేరులోకి వచ్చింది. ఏడంగుళాల తెర, నెమ్మదైన పనితీరు, తొందరగా అయిపోయే బ్యాటరీ విమర్శలకు గురయ్యాయి. ఆకాశ్ ఉద్దేశం ప్రధానంగా కళాశాల విద్యార్థులే గనుక దాన్ని ఇక్కడ విస్తరించనక్కరలేదు. చవకదనం ఒక్కటే ప్రమాణమైతే ఏమవుతుందో చూపడానికి ఈ ఉదాహరణ చాలు. పెరూ దేశంలో పిల్లలకు చిన్న ల్యాప్‌టాప్‌లు పంచిన పథకంపై 2012లో వెలువడిన అధ్యయనం, గణిత, భాషా పరీక్షల్లో మెరుగుదల కనిపించలేదని తేల్చింది.

5. ప్రభుత్వం ఇచ్చిన కానుక

ఆంధ్రప్రదేశ్‌లో ‘కానుక’ అన్న మాటతోనే 2020 అక్టోబరు 8న జగనన్న విద్యా కానుక మొదలైంది. సంచి, పుస్తకాలు, ఏకరూప దుస్తులు, బూట్లు అందులో ఉండేవి. ఆ వరుసలోనే 2022 జూన్‌లో బైజూస్ సంస్థతో ప్రభుత్వం ఒప్పందం చేసుకొంది. అదే ఏడాది డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. ఎనిమిదో తరగతి విద్యార్థులు 4,59,564 మందికి, ఉపాధ్యాయులు 59,176 మందికి కలిపి 5,18,740 సామ్‌సంగ్ ట్యాబ్‌లు, ప్రభుత్వ లెక్క ప్రకారం 686 కోట్ల రూపాయల విలువైనవి, ఇచ్చారు. మరుసటి ఏడాది అదే తేదీన చింతపల్లిలో రెండో విడత మొదలై 4,34,185 మంది విద్యార్థులకు అందాయి. డిసెంబరు 21 నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి పుట్టినరోజు. పుట్టినరోజు నాడు కానుక అందుకొనేవారు ఇచ్చేవారయ్యారు.

ఈ ఎంపికలో ఆలోచన లేదని అనలేము. పాఠాలను ముందే ట్యాబ్‌లో నింపి ఇచ్చారు గనుక ఇంటర్నెట్ అందని చోట కూడా చూడవచ్చు. సిగ్నల్ కోసం గుట్టెక్కే అనంతపురం పల్లెలకు ఇది సరైన నిర్ణయం. చదువుకు సంబంధం లేనివి తెరుచుకోకుండా తాళం వేశారు. మూడేళ్ల హామీ ఇచ్చి, చెడిపోతే గ్రామ, వార్డు సచివాలయంలో అప్పగిస్తే వారంలోగా బాగుచేయించడమో మార్చి ఇవ్వడమో చేస్తామన్నారు. మరమ్మతును ఊళ్లోకి తేవాలన్న ఈ ఆలోచన, తెలిసో తెలియకో, హలగె కాలపు అనుకూలతను తిరిగి తెచ్చే ప్రయత్నం. ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా అందడం మరింత పెద్ద సంగతి. 6,641లో 60 అన్న అంకె పక్కన పెట్టి చూడవలసింది దీన్నే.

లోపం మరోచోట ఉంది. యంత్రంలో ఉన్న పాఠం ఉపాధ్యాయునిది కాదు, ఒక ప్రైవేటు సంస్థది. ఆ సంస్థ 2024 జులై 16న జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ బెంగళూరు ధర్మాసనం ఉత్తర్వుతో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అంతకు కొద్ది వారాల ముందే రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఇచ్చినవారు అధికారంలో లేరు, పాఠం చేసినవారు వ్యాపారంలో నిలవలేదు. హలగె మీద బొగ్గుపూత పోతే ఇంట్లోవాళ్లే పూసుకొనేవారు. ఈ పూతను ఎవరు పూయాలో పిల్లవాడికీ, బడికీ తెలియదు. తొలి విడతలో ట్యాబ్ అందుకున్న తరగతి 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు కాగితం మీద రాసింది.

6. చిన్నపిల్లల విషయం

పై పథకం పదమూడేళ్ల వయసువారికి ఉద్దేశించింది. ఐదేళ్ల పిల్లలకు కొనేటప్పుడు ప్రభుత్వ నమూనాను అనుసరించడం పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన మార్గదర్శకాలు రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దనీ, రెండు నుండి నాలుగేళ్లవారికి రోజుకు గంట మించరాదనీ చెబుతున్నాయి. కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో ఇచ్చిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు ప్రీ ప్రైమరీ పిల్లలకు ఆన్‌లైన్ కాలాన్ని రోజుకు అరగంటకు పరిమితం చేశాయి. అదీ తల్లిదండ్రులతో మాట్లాడటానికీ, వారికి దారి చూపడానికీ.

ఈ నిబంధనలన్నీ పిల్లవాడి పక్కన ఒక పెద్దమనిషి కూర్చుంటాడని భావిస్తాయి. వాన తప్పిన ఏడు బెంగళూరుకు వలసపోయే తల్లిదండ్రులు పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలి వెళ్తారు. వారు కొని పంపే ట్యాబ్ చదువు కోసమే కాదు, బిడ్డ ముఖం చూడటానికి కూడా. అలాంటి ఇంట్లో గంట లెక్క చూసేవారు ఎవరు? ఎంపిక ప్రమాణాలను నగర కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకొని చెప్పడంలోని చిక్కు ఇది. ఇంటర్నెట్ లేకున్నా పనిచేయడం, కింద పడినా తట్టుకొనే తొడుగు, తెలుగు అక్షరాన్ని చేత్తో దిద్దే వీలు, దగ్గరి పట్టణంలో బాగుచేసే దుకాణం ఈ సీమలో కంపెనీ పేరు కన్నా ముందు చూడవలసినవి. అక్షరం దిద్దే విషయంలో ఎనిమిదీ తొమ్మిది అంగుళాల తెర మూడడుగుల హలగెకు సాటి రాదు. హలగె మీద పిల్లవాడు భుజం కదిలించి రాస్తాడు. గాజు మీద వేలికొన జారుతుంది. పలకను తీసివేసి దాని స్థానంలో ట్యాబ్ ఇవ్వడం కంటే రెండూ ఉంచడం ఇప్పటికి మేలు.

పరిశోధకులు వెంటనే చేపట్టవలసిన పని ఒకటి ఉంది. 1823లో ఒక కలెక్టరు బడిలోని చెక్కముక్క కొలతలు కూడా రాసి పంపాడు గనుకనే నేడు ఈ పోలిక సాధ్యమైంది. 2022, 2023 ట్యాబ్‌లలో ఎన్ని బాగుకు వచ్చాయి, ఎన్ని తిరిగి పిల్లల చేతికి చేరాయి అన్న వివరాలను అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పాఠశాలల నుండీ, సచివాలయాల నుండీ ఇప్పుడే సేకరించాలి. మూడేళ్ల హామీ గడువులు తీరుతున్నాయి. గడువు తీరిన వస్తువుల దస్త్రాలు కార్యాలయాల్లో ఎక్కువకాలం ఉండవు.