వీకెండ్‌కి బ్యాంకాక్ ప్లాన్ చేస్తున్నారా? పటాన్‌చెరు జంటలు డబ్బుల కంటే ముందు లెక్కేయాల్సింది గంటలనే!

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో భార్యాభర్తలిద్దరూ పనిచేసే ఇళ్లలో సెలవులు కలవడమే కష్టం. ఒకరిది ఏ షిఫ్ట్ అయితే ఇంకొకరిది బీ షిఫ్ట్. అలాంటిది ఇద్దరికీ ఒకేసారి శని, ఆదివారాలు దొరికితే? గోవా వెళ్లే టైంలోనే ఇప్పుడు బ్యాంకాక్ వెళ్లి రావచ్చు. కాకపోతే ప్లాన్ తప్పితే ఆ రెండు రోజులూ క్యూలు, ట్రాఫిక్‌లోనే పోతాయి.

శంషాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్లు ఉన్నాయి, ప్రయాణం సుమారు మూడున్నర గంటలు. పటాన్‌చెరు నుంచి ఔటర్ మీద ఎయిర్‌పోర్ట్ 40 కిలోమీటర్లకు పైనే. థాయిలాండ్ టైం మనకంటే గంటన్నర ముందు. శుక్రవారం రాత్రి ఫ్లైట్ ఎక్కితే అక్కడ తెల్లవారుతుంది. ఆదివారం సాయంత్రం మళ్లీ ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. నిద్ర తీసేస్తే చేతిలో మిగిలేది ఒక రోజు పైచిలుకే. అందుకే పట్టాయా ఆలోచన మానుకోవడమే బెటర్. బ్యాంకాక్ నుంచి అది దాదాపు 150 కిలోమీటర్లు, రానూపోనూ సగం రోజు రోడ్డు మీదే.

పేపర్ల సంగతి

2023 నవంబర్‌లో భారతీయులకు వీసా అవసరం లేకుండా చేసిన థాయిలాండ్, 2024 జులై 15 నుంచి ఆ గడువును 60 రోజులకు పెంచింది. ఈ రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు థాయ్ ఎంబసీ వెబ్‌సైట్ చూసుకోవాలి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డ్ తప్పనిసరి. దిగడానికి 3 రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపాలి. ఇది పూర్తిగా ఉచితం, డబ్బులడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.

పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్ట్ సాధారణంగా ఈసీఆర్ కేటగిరీలో ఉంటుంది. ఆ జాబితా దేశాల్లో థాయిలాండ్ కూడా ఉంది. ఉద్యోగానికి వెళ్తేనే క్లియరెన్స్ కావాలి, టూర్‌కి అక్కర్లేదు. అయినా రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ ప్రింట్ చేతిలో ఉంచుకోవాలి. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ జాబ్ అంటూ తీసుకెళ్లి మయన్మార్ సైబర్ ముఠాలకు అప్పగించిన కేసుల్లో తెలుగు యువత ఎంతోమంది చిక్కుకున్నారు. అందుకే ఇమిగ్రేషన్‌లో ప్రశ్నలు ఎక్కువ.

దిగాక...

సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్‌లో క్షీరసాగర మథనం శిల్పం ఉంటుంది. దాని ముందు ఫొటో దిగకుండా వచ్చే తెలుగువాళ్లు తక్కువే! అక్కడి నుంచి ఫయా థాయ్ స్టేషన్‌కి రైల్ లింక్‌లో అరగంట లోపే. కొన్ని ఫ్లైట్లు డాన్ మువాంగ్‌లో దిగుతాయి, టికెట్ మీద చూసుకోండి. హోటల్ స్కైట్రైన్ స్టేషన్‌కి దగ్గర్లో తీసుకుంటే చాలా టైం మిగులుతుంది. గది మధ్యాహ్నం గానీ ఇవ్వరు, బ్యాగులు రిసెప్షన్‌లో పెట్టి తిరగడమే.

శనివారం పొద్దున్నే గ్రాండ్ ప్యాలెస్. టికెట్ మనిషికి 500 బాట్. మోకాళ్లు, భుజాలు కనిపించే బట్టలైతే లోపలికి పంపరు. అందులోని ఎమరాల్డ్ బుద్ధ ఆలయం చుట్టూ గోడలపై 178 చిత్రాల్లో థాయ్ రామాయణం ఉంది. గేటు బయట టుక్‌టుక్ డ్రైవర్ ‘ఈరోజు మూసేశారు’ అంటే నమ్మొద్దు, అది పాత మోసం. పక్కనే ఉన్న వాట్ ఫోలో 46 మీటర్ల పొడవున్న శయన బుద్ధుడు. చాతుచక్ మార్కెట్ పూర్తిగా తెరిచేది శని, ఆదివారాల్లోనే. వేల దుకాణాలుంటాయి, అన్నీ తిరగాలనుకుంటే ఫ్లైట్ మిస్సవుతుంది.

శాకాహారులకు ఓ మాట: కూరగాయల వంటలోనూ చేపల సాస్ పోస్తారు. ‘జే’ అని అడిగితే మాంసం, చేప లేకుండా చేస్తారు. ఇ-సిగరెట్ మాత్రం పొరపాటున కూడా తీసుకెళ్లొద్దు, అక్కడ అది నేరం.

తిరుగు ప్రయాణంలో పోయిన గంటన్నర మళ్లీ చేతికొస్తుంది. అయినా ఆదివారం రాత్రి ఫ్లైట్ లేటైతే సోమవారం పొద్దున్న ఇస్నాపూర్‌లో కంపెనీ బస్సు అందుకోవడం కష్టమే. ముందే అడిగి బీ షిఫ్ట్ మార్పించుకున్నవాళ్లకి ఇంటికొచ్చి నాలుగు గంటలు పడుకునే వీలుంటుంది.