ఆకాశమునకును పుంత గలదు



వింధ్యపర్వతము సూర్యుని త్రోవకు అడ్డముగ పెరుగగా, దేవతలు మొఱపెట్టుకొనుటయు, అగస్త్యమహర్షి దక్షిణదిశకు పయనమై వచ్చుచు, తాను మరలి వచ్చువరకు తలవంచి యుండుమని దానిని శాసించుటయు మీరు పురాణకాలక్షేపములలో వినియే యున్నారు. ఆకాశమున పోవువారి త్రోవకు నేలమీది వస్తువు అడ్డమగుట, దానిని తగ్గించుటకు ఒక అధికారి వలసివచ్చుట మన కాలమున పురాణకథ మాత్రమే కాదు, చట్టములో చేరిన విషయము. హైదరాబాదు నగరమున, అందును హైటెక్ సిటీ ప్రాంతమున, ఈ చట్టము ఎట్లు వర్తించుచున్నదో, ఇల్లు కట్టువానికిని చెట్టు పెంచువానికిని దానివలన గలుగు నష్టమేమో, హక్కేమో నేడు మనవి చేసెదను.

నేల ఎవనిదో దానిపై ఆకాశమును వానిదే యను సూత్రమొకటి పాశ్చాత్య న్యాయశాస్త్రమున చిరకాలము చెల్లినది. మానవుడు ఎగురనేరని దినములలో ఆ సూత్రమునకు పరీక్ష రాలేదు. పరీక్ష వచ్చినది రెండవ ప్రపంచయుద్ధకాలమున. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రమున కాజ్‌బీ యను రైతు కోళ్లు పెంచి జీవించుచుండెను. సమీపమున నున్న విమానాశ్రయమునకు వచ్చు సైనికవిమానములు అతని నేలకు 83 అడుగుల ఎత్తుననే పోవుచుండెను. ఆ ధ్వనికి బెదరి కోళ్లు గోడలకు కొట్టుకొని సుమారు 150 చచ్చినవి. అతడు ప్రభుత్వముపై వ్యాజ్యము వేసెను. 1946లో ఆ దేశపు సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పినది. ఆకాశమంతయు నేలగలవానిదే యను ప్రాచీనసూత్రము ఈ యుగమున నిలువదనుట మొదటిది. అయినను అంత దిగువన, మాటిమాటికి ఎగురుట అతని భూమిలో కొంత హక్కును గైకొనుటయే గావున పరిహార మీయవలె ననుట రెండవది. తరువాతి చరిత్రమంతయు ఈ రెండు మాటల నడుమనే నడచినది.

1944లో షికాగో నగరమున పలు రాజ్యములు కూడి విమానయాన ఒడంబడిక చేసికొన్నవి. దానిని అనుసరించి 1951లో విమానాశ్రయముల ప్రమాణములు వెలువడినవి. వానిలో ఒక లెక్క తెలిసికొనదగినది. యంత్రముల సూచనలతో విమానములు దిగు పెద్ద పరుగుబాట చివరనుండి ఒక అదృశ్యమైన ఏటవాలు పైకి పోవును. మొదటి 3000 మీటర్ల దూరమున ప్రతి 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున అది లేచును. అనగా ఆ దూరము చివర 60 మీటర్ల యెత్తు. పిదప 3600 మీటర్లలో ప్రతి 40 మీటర్లకు ఒక మీటరు లేచి 150 మీటర్ల యెత్తు చేరును. అచ్చటినుండి 15000 మీటర్ల వరకు సమతలముగ సాగును. ఇల్లు గాని, చెట్టు గాని, స్తంభము గాని ఈ వాలును దాటి తలయెత్తరాదని నియమము.

మన దేశమున 1934 నాటి విమానచట్టమును 1972లో సవరించి, విమానాశ్రయమునకు 20 కిలోమీటర్ల లోపల కట్టడములను, చెట్లను నిషేధించుటకు, ఉన్నవానిని తగ్గించుటకు కేంద్రప్రభుత్వమునకు అధికార మిచ్చిరి. ఆ ఆజ్ఞవలన నష్టపడినవానికి పరిహార మీయవలె ననియు, మొత్తము విషయమున ఉభయులకును పొత్తు కుదరనిచో హైకోర్టు న్యాయమూర్తికి తగిన అర్హతగల మధ్యవర్తి నిర్ణయింపవలె ననియు, ఆ నిర్ణయముపై హైకోర్టునకు పోవచ్చు ననియు ఆ సవరణలోనే వ్రాసిరి. 1 జనవరి 2025 నుండి భారతీయ వాయుయాన్ అధినియమము పాతచట్టము స్థానమున అమలులోనికి వచ్చినను, ఈ అధికారమును ఈ హక్కును రెండును నిలిచియే యున్నవి.

ఇక హైదరాబాదు. బేగంపేట విమానాశ్రయము 1930వ దశాబ్దిలో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పాలనమున ఏర్పడినది. 1945లో పుట్టిన డక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థకు అది నెలవు. ఆ పరుగుబాట తూర్పుపడమరలుగ నున్నది. 22 నవంబరు 1998 నాడు ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ భవనము ఆ బాటకు దాదాపు నేరుగ పడమట, సుమారు తొమ్మిది కిలోమీటర్ల దూరమున నున్నది. అనగా మన కంప్యూటరు నగరము విమానముల పుంతకు క్రిందనే మొలిచినది.

2006లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము భవననియమములను మార్చి, స్థలమునకు ఇన్నిరెట్లే కట్టవలెనను కట్టడిని విడిచినది. రోడ్డు వెడల్పు, చుట్టును విడువవలసిన ఖాళీ, అగ్నిమాపకశాఖ అనుమతి, విమానశాఖ నిరభ్యంతరపత్రము, ఇవియే ఎత్తునకు ముఖ్యమైన హద్దులుగ మిగిలినవి. 23 మార్చి 2008 నుండి ప్రయాణికుల విమానములు శంషాబాదునకు మారినవి. బేగంపేట ఆకాశము విడుదలయైనదని తలంచినవారు అప్పుడు పలువురు. కాని అచ్చట వైమానికదళమువారి విమానములు, ప్రభుత్వప్రముఖుల విమానములు నేటికిని దిగుచునే యున్నవి గనుక కట్టడియు నిలిచినది. హకీంపేట, దుండిగల్ సైనికక్షేత్రములకు వాని హద్దులు వేరుగ గలవు.

ఇచ్చట సామాన్యుడు పొరపడు విషయ మొకటి గలదు. అనుమతి పత్రములో ఎత్తును సముద్రమట్టమునుండి లెక్కింతురు, మన గడపనుండి కాదు. పరుగుబాటకంటె నేల 50 మీటర్లు ఎత్తయినచో, పైని చెప్పిన 150లో ఇంటికి మిగులునది 100 మాత్రమే. రాతిగుట్టల నేలయైన మాధాపురమున, జూబిలీహిల్సున ఈ తేడా చిన్నది కాదు. పల్లములో పది అంతస్తులు చెల్లినచోట, మెరకలో అన్ని చెల్లకపోవచ్చును.

అడ్డమును తొలగించు క్రమమును 1994 నాటి నియమములు నిర్ణయించినవి. విమానాశ్రయాధికారి యజమానికి తాఖీదు పంపి కట్టడపు వివరములు కోరవలెను. ఆ నివేదికపై పౌరవిమానయాన డైరెక్టరు జనరల్ ఆజ్ఞ యిచ్చును. యజమాని వినకున్నచో జిల్లా కలెక్టరు కూల్పించును. 2015 నియమములు మరియొక మేలు చేసినవి. రంగులు వేసిన పటములు పురపాలకసంఘములకు అందినవి. ఏ తావున ఎంత యెత్తు చెల్లునో ముందే తెలియును. 12 జూన్ 2025 నాడు అహమ్మదాబాదులో విమానము వైద్యకళాశాల వసతిగృహముపై కూలిన కొలదిదినములకే కూల్చివేతకు క్రొత్త నియమముల చిత్తును కేంద్రము ప్రకటించినది. ఆ ప్రమాదమునకు ఇంటి యెత్తు కారణమని ఎవ్వరును నిర్ణయింపలేదు. అయినను విమానాశ్రయపు ఇరుగుపొరుగులను గూర్చిన భయము దానివలన మేల్కొన్నది.

పల్లెలో పుంతకు అడ్డముగ కంచె నాటినవానిని గ్రామము ఊరకుండనీయదు. అది న్యాయము. కాని పుంత వేయుటకై ఒకని చేను కోసినప్పుడు దాని వెల యీయకుండుట న్యాయము కాదు. ఆకాశపు పుంతకును ఇదియే ధర్మము. విమానము రాకపూర్వమునుండి నిలిచిన తాడి, తాత కట్టిన మిద్దె వేరు. పటము చూచియు, తాఖీదు అందియు లేపిన అంతస్తు వేరు. మొదటిదానిని తగ్గింపుమన్నప్పుడు ప్రభుత్వము చేయి చాచి పరిహార మీయవలెను, యజమానియు అడిగి పుచ్చుకొనవలెను. రెండవదానిని మొదటి అంతస్తుననే ఆపకుండ పూర్తియగువరకు చూచుచుండు స్థానికాధికారిది, కట్టినవానికంటె పెద్ద తప్పు. కూల్చుటకంటె ముందు చెప్పుటయే పరిపాలన.

శంషాబాదు చుట్టును, నగరపు పడమటి దిక్కునను గల గ్రామములలో ఇండ్లు కట్టువారు, స్థలములు కొనువారు మీ సలహా నడుగ వచ్చెదరు. పట్టా చూచితిరా యని అడుగుటతోపాటు, ఆ పటములో మీ తావున ఎత్తెంత, అది సముద్రమట్టమునుండియా నేలనుండియా యని కూడ అడుగుడని విన్నవించుచు విరమించుచున్నాను.