గోచరభూమి – ధర్మశాస్త్ర, పురాణ, చరిత్ర దృష్టి

గోవులు మేసే భూమికి వేదభాషలో ‘గవ్యూతి’ అని పేరు. ఋగ్వేద ఋషులు మిత్రావరుణులను ప్రార్థిస్తూ తమ గవ్యూతిని ఘృతంతో తడుపవలసినదిగా వేడుకొన్నారు. వర్షం వలన తృణం, తృణం వలన క్షీరం, క్షీరం వలన హవిస్సు సిద్ధిస్తాయి. కనుక యజ్ఞానికి మూలం పచ్చికబయలే. కాలక్రమాన ఆ పదమే రెండు క్రోశుల దూరానికి కొలమానమైంది.

స్మృతికర్తలు ఈ భూమికి హద్దులు నిర్ణయించారు. గ్రామం చుట్టూ 100 ధనుస్సుల మేర, అనగా 400 మూరలు, పశువులకై విడువవలెనని, నగరానికి దానికి మూడింతలు ఉండవలెనని మనువు విధించాడు. యాజ్ఞవల్క్యుడు గ్రామానికి 100, ఖర్వటానికి 200, నగరానికి 400 ధనుస్సులు చెప్పాడు. ఆ మేరలో ఎవరైనా కంచె లేకుండా పైరు వేయగా పశువులు మేసినచో గోపాలకునికి దండన లేదు. కంచె వేసుకొనే బాధ్యత కర్షకునిదే. అది ఒంటె చూపునకు అందనంత ఎత్తుగా, కుక్క, పంది మూతి దూరే రంధ్రం లేకుండా ఉండవలెనని మనుస్మృతి వివరిస్తుంది. కౌటిల్యుడు సాగుకు యోగ్యం కాని భూమిని పశువులకు కేటాయించమన్నాడు. ‘వివీతం’ అనబడే ఆ బీళ్ళపై వివీతాధ్యక్షుడనే అధికారిని నియమించాడు.

హద్దు భూమిని రక్షిస్తుంది. మరి తృణాన్ని రక్షించేది ఏది? దీనికి సమాధానం హరివంశంలో ఉన్నది. వ్రజంలోని వనం గోపకుల వాడుకతో క్షీణించినదని, తృణకాష్ఠాలు నశించినవని, క్రొత్త పచ్చిక ఉన్న చోటికి తరలవలెనని బాలకృష్ణుడు బలరామునితో అంటాడు. అటుపిమ్మట మంద బృందావనానికి చేరుతుంది. మేసిన గడ్డి మరల చిగిర్చి వేరులో సత్తువ కూర్చుకొనేలోపే మందను మరల తోలితే ఆ వేరు చస్తుంది. మట్టి బయటపడి వానకు కొట్టుకొనిపోతుంది. విరామమిచ్చిన బీడు తనంతట తానే కోలుకొంటుంది. గోపాలుని లీలలో ఈ పశుపాలన ధర్మం కూడ ఇమిడి ఉన్నది.

మేత విషయమై ఒడంబడిక చెడితే ఏమగునో ఆంధ్రదేశం 13వ శతాబ్దంలో చూచింది. కాటమరాజు కథ ప్రకారం, అనావృష్టికి తాళలేక యాదవ నాయకుడు కాటమరాజు తన మందలను నెల్లూరు సీమకు తోలుకొని వచ్చాడు. అక్కడి ప్రభువుతో మేతకై ఒప్పందం కుదిరింది. తరువాత పుల్లరి విషయమై వివాదం పెరిగి యుద్ధమైంది. మహాభారతాన్ని ఆంధ్రీకరించిన తిక్కన సోమయాజి జ్ఞాతియైన ఖడ్గతిక్కన ఆ రణంలోనే నేలకొరిగాడు. పచ్చిక కరవైనప్పుడు ఉభయ పక్షాలలోని వీరులూ నశించారు.

నేటికీ తెలుగు గ్రామాలలో బంచరాయి, మేత పోరంబోకు అనే పేర్లు వినవస్తాయి. అనేక చోట్ల పేరు మిగిలి, నేల ఆక్రమణకు లోనైంది. గ్రామాల ఉమ్మడి భూములను ఆక్రమణల నుండి విడిపించి గ్రామానికి అప్పగించవలెనని భారత సర్వోన్నత న్యాయస్థానం 2011లో రాష్ట్రాలను ఆదేశించింది.

గోపూజ చేసి, గోగ్రాసం పెట్టే ఆస్తికులు అనేకులు. గ్రాసం ఒక పూటకు పిడికెడు మాత్రమే. గోవు మేయవలసినది ఏడాది పొడుగునా. గోదానం చేయ సంకల్పించినవాడు ఆ గోవు ఏ బీటిలో మేయునో, ఆ బీడు వచ్చే ఏటికి నిలుచునో విచారించినప్పుడే ఆ దానం సంపూర్ణమగును.

స్వస్తి.