ఆటలో లేని మాచర్ల బండి

పోయిన సంక్రాంతికి దాచేపల్లి వెళ్ళినప్పుడు, నేను లాప్‌టాప్‌లో రైలు నడుపుకుంటుంటే తాతయ్య వచ్చి మంచం మీద పక్కన కూర్చున్నాడు. తెర మీద జపాను కొండలు. ఒంటి పెట్టె డీజిలు బండి సొరంగంలోంచి బయటికొచ్చి, కొండ చుట్టూ గుండ్రంగా తిరిగి, తనొచ్చిన దారి పైనించే పోతోంది. తాతయ్య కాసేపు కళ్ళు చికిలించి చూసి, "ఏ ఊరిదిరా ఇది?" అన్నాడు. చెప్పాను.

"మరి మన బండి యాడుంది?"

మన బండి అంటే గుంటూరు–మాచర్ల మీటరు గేజి బండి. ఇంట్లో అందరూ చిన్నబండి అనే అంటారు. తాతయ్య ఆ పట్టాల మీద దగ్గర దగ్గర ముప్పయ్యేళ్ళు గ్యాంగ్‌మన్‌గా చేశాడు. ఆ తర్వాత వాటిని పీకి పెద్ద పట్టాలు వేసినప్పుడూ ఉన్నాడు. ఇందులో అది లేదు తాతయ్యా అన్నాను. "అందరియ్యీ పెట్టి మంది వదిలేశారా" అని నవ్వి లేచి వెళ్ళిపోయాడు. పదేళ్ళుగా ఈ ఆట ఆడుతున్నాను. ప్రపంచంలో ఎక్కడెక్కడి బళ్ళో నడిపాను. మా ఊరి బండి ఇందులో ఎందుకు లేదని నాకు ఒక్కసారీ తోచలేదు.

ఈ పిచ్చి లేనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. రైలు సిమ్యులేటర్లో గెలవడం, ఓడిపోవడం ఉండవు. ఒక దారి ఉంటుంది, ఒక ఇంజను ఉంటుంది, సిగ్నళ్ళు చూసుకుంటూ టైముకి స్టేషన్లో ఆపాలి. అంతే. ఈ దారినే మేం రూటు అంటాం. ఇల్లూ చెట్టూ వంతెనా సహా ఎవరో ఒకరు కూర్చుని కట్టాలి దాన్ని. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్లో ఆరు రూట్లున్నాయి: అమెరికావి రెండు, జపానువి రెండు, ఇంగ్లండుది ఒకటి, ఆస్ట్రియాది ఒకటి. ప్రపంచంలోకెల్లా పెద్ద రైలు వ్యవస్థల్లో ఒకటైన మన దేశానిది ఒక్కటీ లేదు. కొనేవాళ్ళెక్కడుంటే రూట్లక్కడుంటాయి, దాని మీద నాకు పెద్ద ఫిర్యాదేం లేదు. రెండో భాగం చేస్తుండగానే 2009లో ఆ స్టూడియోని మూసేశారు. తర్వాత ఔత్సాహికులు ఓపెన్ రైల్స్ అని ఉచిత ప్రోగ్రాం రాసుకున్నారు, పాత రూట్లన్నీ అందులో నడుస్తాయి. మన దేశపు కుర్రాళ్ళు కూడా సొంతంగా రూట్లు కట్టారు, కడుతున్నారు. కానీ నాకు దొరికినవన్నీ రెండు పెద్ద ఊళ్ళ మధ్యవే, ఎక్స్‌ప్రెస్‌లు పరిగెత్తేవే. చివర్లో ఆగిపోయే కొమ్మ లైన్లు ఎవరిక్కావాలి?

మాచర్ల లైను అలాంటి కొమ్మే. బెజవాడ నించి గుంటూరు, గుంతకల్లు మీదుగా పడమటి తీరంలో మార్మగోవా దాకా 1890 నాటికే మీటరు గేజి దారి ఉంది. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వాళ్ళు దాన్నించి నల్లపాడు దగ్గర చీల్చి సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, నడికుడి, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల దాకా 1930 ప్రాంతంలో ఈ లైను వేశారు. సుమారు 130 కిలోమీటర్లు. నాగార్జునకొండలో లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు నడిచిందీ సరిగ్గా ఆ రోజుల్లోనే.

మ్యాపు చూస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. నడికుడి నించి కృష్ణ ఎంతో దూరం లేదు. అవతలి ఒడ్డు నల్లగొండ జిల్లా. అయినా లైను నదివైపు చూడను కూడా చూడకుండా మాచర్లకి తిరిగి అక్కడ ఆగిపోయింది. ఆగదా మరి? ఇవతల మద్రాసు ప్రెసిడెన్సీ, అవతల నిజాం రాజ్యం. నిజాం రైల్వే 1889కల్లా బెజవాడ చేరింది గానీ వరంగల్లు, ఖమ్మం మీదుగా, అదీ పెద్ద గేజిలో. మా పల్నాడుకీ హైదరాబాదుకీ మధ్య ఏటి మీద రైలు లేదు. 1956లో రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రమయ్యాక కూడా చాన్నాళ్ళు లేదు. పొందుగల దగ్గర వంతెన దాటి, విష్ణుపురం, మిర్యాలగూడ, నల్లగొండ మీదుగా బీబీనగర్‌కి పెద్ద లైను పడేసరికి 1980లు అయిపోవచ్చాయి. 1990ల మొదట్లో గుంటూరు–మాచర్ల కూడా పెద్ద గేజికి మారింది. ఇప్పుడు నడికుడి జంక్షన్లో నిలబడితే నారాయణాద్రి, విశాఖ, ఫలక్‌నుమా అన్నీ మన ముందు నించే పోతాయి. అరవయ్యేళ్ళ చిన్నబండి ఆనవాలు మాత్రం ఎక్కడా లేదు.

సరే, నేనే కడదామనుకున్నాను. మొత్తం కాదు. తుమ్మలచెరువు నించి గురజాల దాకా చాలు, 1965 నాటిది.

మొదటి అడ్డంకి నేల. ఈ ప్రోగ్రాంలో భూమి 2048 మీటర్ల చదరాలుగా ఉంటుంది, వాటికి ఎత్తుపల్లాల లెక్కలివ్వాలి. అవి ఉచితంగానే దొరుకుతాయి. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ షటిల్ పదకొండు రోజులు తిరిగి రాడారుతో కొలిచినవి. ముప్ఫై మీటర్లకొక కొలత. కొండలకి అది చాలు. కానీ రైలు కట్ట వెడల్పెంత? ఆ జల్లెడలోంచి కట్ట జారిపోతుంది. బండి ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగిందన్నది ఆ లెక్కల్లో లేదు. పైగా అది 2000 నాటి నేల. ఉపగ్రహ చిత్రాలేమో ఇవ్వాళ్టివి, పులిచింతల నీళ్ళు కూడా నిండినవి. నేను కట్టాలనుకున్నదేమో 1965. సాగరుకి నెహ్రూ 1955 డిసెంబరులో పునాదిరాయి వేశాడు, కాలవలకి నీళ్ళొదిలింది 1967లో. అంటే నా బండి కిటికీలోంచి కనపడాల్సింది మెట్టనేల. నేను తెలిసీ తెలియక పచ్చగా వరిచేలు పరిచేశాను! తాతయ్య చూసి, "అప్పుడు ఇయ్యన్నీ యాడియ్యిరా, కాలవొచ్చినాక గదా" అన్నాడు. ఒక రోజంతా కూర్చుని పొలాలన్నీ ఎండగొట్టాను.

రెండోది పట్టాలు. ఆటతో వచ్చిన పట్టాల ముక్కలు 1435 మిల్లీమీటర్లవి. మన పెద్ద గేజి 1676, మీటరు గేజి పేరులోనే ఉంది, 1000. రెండింటికీ సరిపోవు. ఎవరో దయగల మనుషులు చేసిపెట్టిన ముక్కలు దొరికాయి, వైపీ ఆవిరి ఇంజను కూడా దొరికింది, కాబట్టి ఇదంత కష్టం కాలేదు.

అసలు కష్టం దారి ఎక్కడ పోయేదో తెలుసుకోవడం. లైను మార్చినప్పుడు పాత కట్టనే వెడల్పు చేస్తారు గానీ వంపులు సరిచేస్తారు, వంతెనలు మళ్ళీ కడతారు, యార్డుల రూపమే మారిపోతుంది. ఉపగ్రహంలో కనపడేది కొత్తది. టెక్సస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ వాళ్ళు నెట్లో పెట్టిన పాత మ్యాపులున్నాయి, 1950ల్లో అమెరికా సైన్యం కోసం గీసినవి. దాచేపల్లి ఉంది, లైనుంది, నాకు గుండె ఝల్లుమంది. తర్వాత స్కేలు చూశాను. ఒక మిల్లీమీటరుకి 250 మీటర్లు. అర కిలోమీటరు పొడుగున్న స్టేషను యార్డు రెండు మిల్లీమీటర్లు. అందులో ఏ పట్టా ఎక్కడ చీలిందో ఏం చెప్తాం?

ఫొటోలా? మన ఆవిరి బళ్ళ కోసం కెమెరాలు మెళ్ళో వేసుకుని విదేశాల నించి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళంతా డార్జిలింగూ నీలగిరీ ఎక్కారు. తప్పేం కాదు, అవి అందమైనవి. డార్జిలింగు 1999లో, నీలగిరి 2005లో యునెస్కో జాబితాలోకీ ఎక్కాయి. మిరప కల్లాల మధ్య, నాపరాయి గనుల పక్కన పోయే బండికి ఫొటో ఎవరు తీస్తారు? అందులో రోజూ ఎక్కినవాళ్ళకి కెమెరాల్లేవు.

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆటలో ఖాళీలున్నాయని మేం గొణుక్కుంటాం గానీ, ఆ ఖాళీలు ఆటలో పుట్టినవి కావు. ఎక్కడ కాగితాలున్నాయో, బొమ్మలున్నాయో, అక్కడే రూటు పుడుతుంది. తాతయ్య చూసిన ఆ జపాను లైను పేరు హిసాత్సు. 2020 జులైలో వచ్చిన వరదలకి దాని వంతెనలు కొట్టుకుపోయాయి, ఆ కొండదారిలో బళ్ళు ఆగిపోయాయి. నా లాప్‌టాప్‌లో మాత్రం ఇప్పటికీ తిరుగుతున్నాయి, ప్రతి సొరంగమూ ఉన్నచోటే ఉంది. అక్కడ ఏటికి పోయిన లైను ఆటలో బతికుంది. మాది ఏ ఏరూ ముంచకుండానే పోయింది.

ఇక మిగిలింది తాతయ్య. సాయంత్రాలు లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని అడుగుతూ పోయాను. ఆయనకి కిలోమీటర్లు గుర్తు లేవు, కాళ్ళతో నడిచిన లెక్క గుర్తుంది. "ఈ రాయి కాణ్ణించి ఆ కల్వర్టు దాకా ఒక బీడీ" అంటాడు. బీడీని మీటర్లలోకి మార్చడం నాకు చేతకాలేదు. కానీ ఏ వంపులో పట్టా వేడికి పక్కకి జరిగేదో చెప్పాడు. ఎక్కడ ఇంజను మూలుగుతూ ఎక్కేదో చెప్పాడు. షటిల్ రాడారుకి అందని ఎక్కుడు అదే. ఒంటి లైను కదా, ఎదురుగా బండి లేదన్న హామీగా టోకెను చేతికొస్తేనే డ్రైవరు కదిలేది. ఆ టోకెను సంచీ బెత్తం చుట్టకి కట్టి ఉంటుందిట. ఆగని బండి నించి ఫైర్‌మన్ దాన్ని మోచేతికి తగిలించుకునేవాడని లేచి నిలబడి చేసి చూపించాడు, నాయనమ్మ కేకలేసేదాకా.

నడికుడి స్టేషనుకి బిల్డింగు దొరక్క ఇంగ్లండు రూట్లోంచి ఒక రాతి కట్టడం తెచ్చి పెట్టాను. "ఇదేందిరా, చర్చా?" అన్నాడు. తీసేశాను.

చిక్కు ఇంకోచోట వచ్చింది. నడికుడిలో ఇంజనుకి నీళ్ళు పట్టే గొట్టం గుంటూరు వైపు ఉండేదంటాడు తాతయ్య. ఆయనతో పాటు చేసి రిటైరైన ఇంకో పెద్దాయన ఉన్నాడు ఊళ్ళో. ఆయన కాదు, మాచర్ల వైపు అన్నాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని గంటసేపు వాదించుకున్నారు, ఎవరూ తగ్గలేదు. ఎక్కడో ఒకచోట పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? మామూలుగా మేం చేసే పని అదే. తెలియనిచోట చెట్లు నాటతాం, పక్క రూట్లోంచి గోడౌను తెచ్చి పెడతాం. హిసాత్సు రూట్లో అలా పెట్టినా నష్టం లేదు, సరిచూసుకోడానికి బయట వంద ఫొటోలుంటాయి. ఇక్కడ అలా కాదు. రేపు దీన్ని దించుకున్న కుర్రాడికి 1965 నడికుడి అంటే ఇదే, వేరే ఏదీ ఉండదు కాబట్టి. నేను సరదాకి పెట్టిన గొట్టం నిజమై కూర్చుంటుంది. మొదటిసారి ఈ ఆటంటే భయమేసింది. చరిత్ర రాసేవాళ్ళకి రోజూ ఇలాగే ఉంటుందేమో, నాకు తెలీదు. నేను కోడు రాసుకునేవాణ్ణి.

గొట్టం పెట్టలేదు. రూటుతో పాటు వెళ్ళే చిన్న ఫైలులో ఇద్దరు చెప్పిందీ రాశాను. కొంతమందికి నచ్చదు. ఆవిరి బండికి నీళ్ళు లేకపోతే ఎలా అంటారు. నడికుడి దాకా సరిపోయేన్ని నీళ్ళు పట్టుకునే బయల్దేరండి.

మొన్న ఉగాదికి వెళ్ళినప్పుడు అయినంతవరకు చూపించాను. తాతయ్యకి కంటిలో శుక్లాలు, ఆపరేషనంటే వద్దంటున్నాడు. మొహం తెరకి ఆనించి కూర్చున్నాడు. వేగం సంగతి నేను చూసుకుంటానని చెప్పి, కూతకి స్పేసు మీట ఒక్కటే ఆయనకిచ్చాను. నడికుడి దాటాం. గురజాల వైపు తిరిగి నాగులేరు వస్తోంది. వంతెనకి ఇంకా దూరం ఉండగానే పొడుగ్గా కూత వేశాడు. తెర మీద రెండు వైపులా ఉత్త మెట్టచేలు, నేను ఎండగొట్టినవి.

"ఇక్కడెందుకు తాతయ్యా?"

"గేటుంది గదరా. బళ్ళు కట్టుకుని మిరపకాయలేసుకొస్తుంటారు."

ఆట ఆపి, ఎడిటర్ తెరిచి, సరిగ్గా ఎక్కడో వేలు పెట్టి చూపించమన్నాను.